గింజ మీద ఎన్ని చుక్కలు?

జహీరాబాద్: సంక్రాంతి నెల పట్టగానే వాకిట్లో ముగ్గు పెట్టే ఆడవారు ముందు చెప్పుకొనేది చుక్కల లెక్కే. 'పదిహేను చుక్కలు, ఒకటి వచ్చే దాకా' అంటే ఎంత ముగ్గో, ఎంత వాకిలి కావాలో వింటున్న వారికి తెలిసిపోతుంది. ఏడు చుక్కలతో నెమలిని వేయబోతే అది కోడిపెట్టయి కూర్చుంటుంది. పింఛం విప్పాలంటే చుక్కలు పెరగాలి. ఇంటింటికీ తెలిసిన ఈ సంగతే టీవీల దుకాణానికి వెళ్లేసరికి కొరుకుడు పడని లెక్కయి కూర్చుంటోంది.

తెర మీది బొమ్మ కూడా చుక్కల పనే. కాకపోతే ముగ్గులో చుక్క దారి చూపుతుంది, గీత బొమ్మవుతుంది. తెర మీద గీతలుండవు. ఉన్నవన్నీ చుక్కలే. ఒక్కో చుక్కకు ఒక్కో రంగు, ఒక్కో వెలుగు. కావలసినంత దూరం జరిగితే చుక్కలు మాయమై మనిషి ముఖం కనిపిస్తుంది. నమ్మకం కలగకపోతే చేతిలో ఉన్న పత్రికలోని ఏ ఫొటోనైనా భూతద్దం కింద పెట్టి చూడవచ్చు. పత్రికల కాగితం మీద అంగుళానికి సుమారు 85 నుంచి 100 వరసల చుక్కలు పడతాయి. మంత్రి గారి నవ్వయినా, మిరప కళ్లమైనా ఆ చుక్కల్లో నుంచి పుట్టవలసిందే.

ఈ చుక్కకే పిక్సెల్ అని పేరు. 'పిక్చర్', 'ఎలిమెంట్' అనే రెండు మాటలను కుదించి చేసిన ఈ మాట 1965లో అమెరికా అంతరిక్ష పరిశోధకుల వ్యాసాల్లో అచ్చయింది. మాట కంటే పని ముందు పుట్టింది. 1957లో అదే దేశంలో రసెల్ కిర్ష్ అనే ఇంజినీరు తన పసిబిడ్డ ఫొటోను కంప్యూటర్‌లోకి ఎక్కించారు. అడ్డం 176, నిలువు 176. మొత్తం 30,976 చుక్కలు. బిడ్డ ముఖం పోల్చుకోవడానికి అవి సరిపోయాయి.

అడ్డం చుక్కలను నిలువు చుక్కలతో గుణిస్తే వచ్చేది మొత్తం లెక్క. ఈ అమరికనే రెజల్యూషన్ అంటున్నారు. ఇంతకు మించి ఇందులో బ్రహ్మవిద్య లేదు. చిక్కంతా పేర్లలో ఉంది.

దుకాణంలో పేర్లు

'హెచ్‌డీ రెడీ' అని అమ్మే 32 అంగుళాల టీవీల్లో సాధారణంగా అడ్డం 1,366, నిలువు 768 చుక్కలుంటాయి. మొత్తం 10 లక్షల పైచిలుకు. 'ఫుల్ హెచ్‌డీ' అంటే 1,920, 1,080. మొత్తం 20,73,600. 'ఫోర్ కె' అంటే 3,840, 2,160. మొత్తం 82,94,400. ఇక్కడ ఒక గమ్మత్తుంది. '1080' అని చెప్పేటప్పుడు లెక్కపెట్టేది నిలువు వరసలను. 'ఫోర్ కె' దగ్గరకొచ్చేసరికి నిలువు వదిలేసి అడ్డాన్ని ఎత్తుకున్నారు. నాలుగు వేలకు దగ్గరగా ఉందని ఆ పేరు. పొడవు గజాల్లో, వెడల్పు అడుగుల్లో చెప్పి గుడ్డ అమ్మినట్టుంది వ్యవహారం.

అంగుళాల లెక్క వేరు. అది తెర మూల నుంచి మూలకు కొలత. తెర పెద్దదైనంత మాత్రాన చుక్కలు పెరగవు. ఉన్న చుక్కలే లావెక్కుతాయి.

మరి ఎక్కువ చుక్కలున్న టీవీయే కొనాలా? అది కూర్చునే చోటును బట్టి ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణం దాకా విడదీసి చూడగలదని లెక్క. పది అడుగుల దూరంలో అది సుమారు 0.9 మిల్లీమీటరు. అంతకంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కలు కంటికి ఒకటే. 43 అంగుళాల టీవీ తెర వెడల్పు 95 సెంటీమీటర్లు. ఫుల్ హెచ్‌డీలో ఒక్కో చుక్క అర మిల్లీమీటరు, ఫోర్ కెలో పావు మిల్లీమీటరు ఉంటాయి. ముందుగదిలో పది అడుగుల దూరాన మంచం వేసుకుని చూసేవారికి, చుక్కల వరకే చూస్తే, రెండింటికీ తేడా తెలియదు. రంగులు, వెలుగు బాగుండవచ్చు. అది వేరే సంగతి. అప్పు చేసి పెద్ద లెక్కల టీవీ తెచ్చేవారు ముందుగా ఇంట్లో గోడకూ మంచానికీ మధ్య దూరం కొలుచుకోవడం మంచిది.

పస్తాపూర్ కెమెరాలు

చుక్కల మాట వచ్చినప్పుడు ఈ ప్రాంతం వారు దుకాణాల కంటే ముందు తలచుకోవలసింది పస్తాపూర్‌ను. 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ కేంద్రం అక్కడే ఉంది. సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరైన పి.వి.సతీష్ అంతకు ముందు దూరదర్శన్‌లో పనిచేసినవారు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు చూపిన 'సైట్' ప్రయోగంలో ఆయన పాలుపంచుకున్నారు. ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో ఒకటి. చదువురాని రైతుకు బొమ్మతో ఎంత చెప్పవచ్చో అక్కడ చూసిన మనిషి, చదువురాని రైతు చేతికే కెమెరా ఇస్తే ఏమవుతుందో జహీరాబాద్ పరిసరాల్లో చూపించారు. ఆయన 2023 మార్చిలో కన్నుమూశారు.

1990ల చివర్లో మహిళా సంఘాల సభ్యులు కొందరు వీడియో కెమెరా పట్టారు. ఎక్కువ మంది దళితులు, చిన్న కమతాల వారు, బడి మొహం చూడని వారు. 2001లో వారి పేరిట కమ్యూనిటీ మీడియా ట్రస్టు ఏర్పడింది. 2008 అక్టోబరులో మాచ్‌నూర్‌లో సంఘం రేడియో మొదలైంది. 2002లో బీటీ పత్తికి దేశంలో అనుమతి రాగానే ఈ మహిళలు కెమెరాతో వరంగల్ జిల్లాకు వెళ్లారు. విత్తనం వేసిన రైతులను ఒక పంటకాలమంతా వెంబడించి, వారి మాటలు, వారి చేలు చిత్రించారు. 2003లో ఆ చిత్రం బయటికొచ్చింది. తర్వాతి సంవత్సరాల్లోనూ మళ్లీ వెళ్లి తీశారు. ఆ చిత్రాలు విదేశాల్లో సైతం ప్రదర్శితమయ్యాయి.

కెమెరా పాఠాల్లోని ఇంగ్లీషు మాటలను వీరు అక్కడికక్కడే మార్చేసుకున్నారన్నది పరిశోధకులు పదే పదే రాసిన విశేషం. కెమెరాను పైన పెట్టి కిందికి చూపితే అది పటేల్ షాట్. దొర కూలిని చూసే చూపు. కింద నుంచి పైకి చూపితే బానిస షాట్. కంటికి కన్ను సమానంగా పెట్టి చూపితే సంఘం షాట్. సంఘంలో అందరూ చాప మీద ఒకే ఎత్తున కూర్చుంటారు కదా. సంఘం షాట్ కావాలంటే కెమెరా మనిషి నిలబడితే కుదరదు. ఎదుటివారితో సమానంగా నేల మీద కూర్చోవాలి. కూర్చుంటే దగ్గరవుతారు. ఈ దగ్గరితనానికీ చుక్కల లెక్కకూ సంబంధం ఉంది.

ఆ రోజుల్లో వీడియో అంటే 625 గీతల పద్ధతి. మన దేశమూ, ఐరోపాలో చాలా దేశాలూ పాటించినది అదే. వాటిలో బొమ్మను మోసేవి 576. మిగతావి కిరణం తెర అడుగు నుంచి మళ్లీ పైకి ఎక్కే వ్యవధికి ఖర్చవుతాయి. డిజిటల్‌లోకి మార్చేటప్పుడు ఒక్కో గీతను 720 చుక్కలుగా కోస్తారు. మొత్తం 4,14,720. సరిగ్గా ఫుల్ హెచ్‌డీలో అయిదో వంతు, ఫోర్ కెలో ఇరవయ్యో వంతు. ఇప్పుడు జేబుల్లో తిరిగే ఫోన్ల పక్కన ఆ లెక్క చెబితే నవ్వుకుంటారు.

నవ్వే ముందు

ఒక్క లెక్క చూడాలి. ఏటా సంక్రాంతికి ఈ ప్రాంతంలో పాత పంటల జాతర బయల్దేరుతుంది. ఎడ్ల బండ్లను అలంకరించి, రకరకాల విత్తనాలను గంపల్లో పోసి, నెల రోజులు ఊరూరా తిప్పుతారు. కొర్రలు, సామలు, తైదలు, పచ్చజొన్నలు, ఉలవలు, అనుములు అందులో ఉంటాయి. రెండు దశాబ్దాలకు పైగా సాగుతున్న ఈ జాతర ఫొటోలు ఎన్నో పత్రికల్లో వచ్చాయి. బండి వచ్చిందంటే రోడ్డు పక్కన పది ఫోన్లు లేస్తాయి.

బండి, ఎడ్లు కాకుండా బండి మీది గంపల వరసే మూడు మీటర్ల వెడల్పున బొమ్మ నిండా పట్టిందనుకుందాం. కొర్ర గింజ అడ్డం సుమారు రెండు మిల్లీమీటర్లు. 720 చుక్కలను మూడు వేల మిల్లీమీటర్ల మీద పరిస్తే గింజకు అర చుక్క కూడా రాదు. అర చుక్కలో కొర్రా లేదు, సామా లేదు. ఏదో పసుపు రంగు పొడి. ఫుల్ హెచ్‌డీలో గింజకు ఒకటింబావు చుక్క వస్తుంది. ఫోర్ కెలో రెండున్నర. అప్పటికీ అది గింజ కాదు, మచ్చ.

ఇప్పుడు పాత కెమెరానే తీసుకుని అడుగు వెడల్పున్న బుట్ట దగ్గర కూర్చుని, బుట్ట ఒక్కటే బొమ్మ నిండా వచ్చేట్టు పెడితే? అదే గింజ మీద దాదాపు అయిదు చుక్కలు పడతాయి. దూరం నుంచి తీసిన ఫోర్ కెకు రెట్టింపు. 5 కోట్ల చుక్కల ఫోను రోడ్డు అవతల నుంచి, వెలుతురు బాగుండి, చెయ్యి వణకకుండా ఉంటే తీయగలిగినదానికి ఇది సమానం. ఇంకా జరిగి, గింజలను ముసలమ్మ అరచేతిలో పోయించి ఆ అరచెయ్యి మటుకే తీస్తే గింజకు 14 చుక్కలు. పొట్టు మెరుపు, ముక్కు వంపు కనిపించడం అప్పుడు మొదలవుతుంది. కెమెరా మీద రాసి ఉండే చుక్కల అంకె ఎంత పెద్దదైనా, చూడదలచిన వస్తువు మీద పడినవే లెక్కకొస్తాయి. నేల మీద కూర్చునే సంఘం చూపు ఈ పాఠం ఏ పుస్తకమూ తెరవకుండానే నేర్పింది.

ఫోనులో వేళ్లతో లాగి పెద్దది చేస్తే సరిపోదా అంటారు కొందరు. మామూలు ఫోన్లలో అది దగ్గరకు వెళ్లడం కాదు, ఉన్న బొమ్మలో ఒక ముక్క కోసి సాగదీయడం. చపాతీ సాగితే పిండి పెరుగుతుందా?

5 కోట్ల చుక్కలన్న ప్రకటనలోనూ తిరకాసుంది. అలాంటి ఫోన్లలో చాలావాటిలో మామూలుగా తీసే ఫొటోకు నాలుగేసి చుక్కలు కలిపి ఒకటిగా లెక్కిస్తారు. 5 కోట్లు కాస్తా కోటీ పాతిక లక్షలవుతాయి. ఇది మోసమేమీ కాదు. వాన కింద దోసిలంత ముంతలు వరసగా పెడితే ఒక్కోదానిలో పడే నీళ్లు తక్కువ. చుక్క మరీ చిన్నదైతే దాని మీద పడే వెలుతురు కూడా అంతే. చీకటి పడ్డాక నాలుగు ముంతల నీళ్లు ఒక కుండలో పోయడమే మేలు. ఎంత పెద్ద ఫొటో తీసినా ఫోర్ కె టీవీ ఒకేసారి చూపగలిగినవి 83 లక్షలే. పాస్‌పోర్టు ఫొటోకైతే అందులో కొసరు కూడా అక్కరలేదు. 35, 45 మిల్లీమీటర్ల కాగితం మీద అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చు వేసినా కావలసినవి 2 లక్షల 20 వేల లోపే.

పాత బొమ్మ, కొత్త తెర

అసలు గొడవ పాత టేపును కొత్త టీవీలో పెట్టినప్పుడు వస్తుంది. ఇది పస్తాపూర్ చిత్రాలకే కాదు, 1990లలో పెళ్లి వీడియో తీయించుకున్న ప్రతి ఇంటికీ ఎదురయ్యేదే. ఆనాడు అద్దంలా కనిపించిన బొమ్మ ఇప్పుడు మంచు పట్టినట్టుంటుంది. 'కెమెరా మంచిది కాదు', 'తీసినవాడికి చేతకాలేదు' అన్న మాటలు వినిపిస్తాయి. తప్పు కెమెరాదీ కాదు, తీసినవారిదీ కాదు. నాలుగు లక్షల చుక్కల బొమ్మను 83 లక్షల చుక్కల తెర మీద పరచాలి. ఉన్న ఒక్కో చుక్కకు ఇరవై చోట్లు. ఖాళీ చోట్లను టీవీ ఇరుగుపొరుగు రంగులను సగం సగం కలిపి నింపుతుంది. ఇంటి క్యాసెట్లయితే మరీ అన్యాయం. వీహెచ్ఎస్ టేపుకు అడ్డంగా సుమారు 240 గీతలకు మించి విడదీసి చూపే పస లేదు.

మరో రెండు చిక్కులున్నాయి. పాత తెర వెడల్పు ఎత్తు నాలుగుకు మూడు. కొత్తది పదహారుకు తొమ్మిది. 'తెర నిండా రావాలి' అని సాగదీస్తే సన్నటి పెళ్లికూతురు కూడా బొద్దుగా తేలుతుంది. రెండు పక్కలా నల్లటి పట్టీలు వదిలెయ్యడమే ధర్మం. ఇక పాత టీవీ ఒకసారి బేసి గీతలను, మరోసారి సరి గీతలను, సెకనుకు 50 సార్లు మార్చి మార్చి వేసేది. ఆ రెంటినీ సరిగ్గా కలపకుండా కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే కదిలే ప్రతిదానికీ దువ్వెన పళ్లు మొలుస్తాయి. కూర్చున్న అవ్వ బాగానే ఉంటుంది. ఆమె చెరుగుతున్న చాట మాత్రం రంపంలా కనిపిస్తుంది. టేపులు మార్చే దుకాణాల్లో ఈ పని తెలిసినవారిని వెతుక్కోవాలి.

ఈ మధ్య కంప్యూటర్లు పాత బొమ్మలకు కొత్త చుక్కలు పుట్టిస్తున్నాయి. లక్షల బొమ్మలు చూసి నేర్చుకున్న యంత్రం, ఇక్కడ కనురెప్ప ఉండాలి, అక్కడ జరీ అంచు ఉండాలి అని ఊహించి గీస్తుంది. పెళ్లి వీడియోకు ముచ్చటగానే ఉంటుంది. తాతగారికి ఎన్నడూ లేని కనుబొమలు వచ్చినా ఇంట్లోవారు నవ్వుకుని ఊరుకుంటారు. విత్తనం దగ్గర ఆ ఊహ పనికిరాదు. మచ్చలా ఉన్న చోట యంత్రం సామ గింజను గీస్తే, ఆ చేనిలో ఆ ఏడు సామలున్నాయని రేపెవరో రాస్తారు. పత్తి ఆకు మీద లేని పురుగు మొలవవచ్చు, ఉన్న పురుగు చెరిగిపోవచ్చు. వరంగల్ రైతు చేనులో 2002లో ఏం కనిపించిందన్నది ఇప్పటికీ వాదనలున్న విషయం. దానికి సాక్ష్యం చెప్పవలసిన బొమ్మ మసకగా ఉన్నా ఫరవాలేదు. యంత్రం కల్పించినది కాకూడదు.

అందుకే తెలిసినవారు చెప్పేది ఒకటే. టేపును కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు 720, 576గానే, ఏ సొబగులూ అద్దకుండా ఒక ప్రతి దాచాలి. నగిషీలన్నీ రెండో ప్రతి మీద. అసలు టేపును పారెయ్యకూడదు. ఆలస్యమూ పనికిరాదు. అయస్కాంతపు టేపు కలకాలం ఉండేది కాదు. తేమ తగిలితే బూజు పడుతుంది, అంటుకుపోతుంది. టేపు బాగున్నా ఆడించే యంత్రం దొరకాలి కదా. లోకంలో వీహెచ్ఎస్ ప్లేయర్లు చేస్తూ చివరిదాకా మిగిలిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016 జులైలో వాటి తయారీ మానేసింది. ఇప్పుడున్నవన్నీ పాతవే. అటక మీద క్యాసెట్ ఉన్నవారు ముందు పక్కింటి అటక మీద ప్లేయర్ ఉందేమో వాకబు చేసుకోవలసిన రోజులివి.

జాతర బండ్లు ఊళ్లోకి వచ్చినప్పుడు ఫోను తీసేవారు బండి కదులుతుండగా కాక, ఊరేగింపు చావిడి దగ్గర ఆగేదాకా ఆగితే మంచిది. గంప దగ్గరికి వెళ్లి, తెచ్చిన అవ్వను అడిగి, పిడికెడు గింజలు అరచేతిలో పోయించి, పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టి తీయాలి. ఎన్నేళ్ల తర్వాత చూసినా, ఎంత చిన్న తెర మీద చూసినా, బిళ్లతో పోల్చి గింజ ఎంతుండేదో చెప్పవచ్చు. అది ఏ గింజో, ఏ నేలలో వేసేవారో అవ్వ చెబుతుండగా ఆ మాటలు కూడా ఎక్కించుకోవాలి. వాటికి చుక్కలు అక్కరలేదు.